ఢీకొట్టినవాడికి ఇన్సూరెన్స్ లేదు, అమ్మ చేతి కట్టుకు డబ్బులెవరిస్తారు?

ప్రశ్న: నమస్తే అండీ. మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మూడు వారాల క్రితం శనివారం సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మా కారును వెనక నుంచి ఒక పికప్ ట్రక్ గుద్దింది. నేను నడుపుతున్నాను, పక్కన మా ఆవిడ, వెనక సీట్లో ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్న. డిక్కీ మొత్తం లోపలికి నొక్కుకుపోయింది. అమ్మకు ఎడమ మణికట్టు దగ్గర ఎముక చిట్లి కట్టు వేశారు. పికప్ అతను "పోలీసులెందుకు, ఎనిమిది వందల డాలర్లు ఇస్తాను, ఇక్కడితో వదిలేద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పోలీసు ఆఫీసర్ వచ్చి చూస్తే, అతను చూపించిన ఇన్సూరెన్స్ కార్డు తాలూకు పాలసీ నాలుగు నెలల కిందే రద్దయిందని తేలింది.

మా కంపెనీకి ఫోన్ చేస్తే "మీ పాలసీలో యుఎం (ఇన్సూరెన్స్ లేనివాడు గుద్దితే పనికొచ్చే కవరేజ్) ఉంది, దాని కింద చూస్తాం" అన్నారు. ఇప్పుడు అడ్జస్టర్, అంటే క్లెయిమ్ విచారించే వాళ్ల ఉద్యోగి, అమ్మతో మాట్లాడి రికార్డు చేసుకుంటానంటున్నాడు. తప్పు అతనిదైతే నా పాలసీ ఎందుకు వాడాలి? అమ్మ పేరు పాలసీలో లేదు కదా, ఆమె ఆస్పత్రి ఖర్చు వస్తుందా? అతని మీద కేసు వేస్తే మంచిదా? వచ్చే నెల 20న అమ్మానాన్నల తిరుగు ప్రయాణం. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. కాస్త దారి చూపండి.

సమాధానం: ముందుగా అమ్మగారి చెయ్యి త్వరగా నయం కావాలని కోరుకుంటున్నాను. మనల్ని చూద్దామని అంత దూరం నుంచి వచ్చిన తల్లికి మన కారులోనే దెబ్బ తగిలితే ఆ బాధ ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయినా మీ ఉత్తరం చదివాక నాకు కొంత ధైర్యంగానే ఉంది. చాలామంది తడబడే చోట మీరు తడబడలేదు. ఎనిమిది వందలు వద్దన్నారు, పోలీసులను పిలిచారు. మీ క్లెయిమ్ ఇవాళ నిలబడి ఉందంటే ఆ రెండు పనుల వల్లే. ఆ డబ్బు తీసుకుని "ఇక మా మధ్య ఏ బాకీ లేదు" అని రోడ్డు పక్కన ఒక కాగితం మీద సంతకం పెట్టి ఉంటే, అతని దగ్గర నుంచి వసూలు చేసుకునే హక్కు మీ కంపెనీకి పోయేది. ఆ కారణం చూపించి కంపెనీ మీ క్లెయిమ్‌నూ తోసిపుచ్చే ప్రయత్నం చేసేది. అప్పుడు అమ్మ ఎక్స్‌రే ఖర్చు కూడా మీ జేబులోంచే పోయేది.

నేను టెక్సస్‌లోనే ఒక ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్స్ విభాగంలో పదకొండేళ్లు పనిచేశాను. ఇప్పుడు మీకు ఫోన్ చేస్తున్న అడ్జస్టర్ చేసే పనే చేశాను. కాబట్టి అక్కడ కూర్చున్న మనిషికి ఏది కనిపిస్తుందో, ఏది కనిపించదో కూడా చెబుతాను.

తప్పు అతనిదైతే నా పాలసీ ఎందుకు అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మామూలుగా అయితే ఢీకొట్టినవాడి లయబిలిటీ పాలసీ (ఎదుటివాళ్లకు చేసిన నష్టానికి చెల్లించేది) నుంచి మీకు డబ్బు రావాలి. టెక్సస్ చట్టం ప్రకారం ప్రతి బండికీ ఒక మనిషి గాయాలకు కనీసం 30,000 డాలర్లు, ఒక ప్రమాదంలో గాయపడ్డ అందరికీ కలిపి 60,000, ఆస్తి నష్టానికి 25,000 కవరేజ్ ఉండాలి. ఏజెంట్లు 30/60/25 అనేది దీన్నే. లేకుండా పట్టుబడితే మొదటిసారి జరిమానా 175 నుంచి 350 డాలర్లు. ప్రీమియం కట్టలేని మనిషికి ఆ జరిమానా పెద్ద భయమేమీ కాదు. దేశం మొత్తం మీద 2019లో 12.6 శాతం డ్రైవర్లకు, అంటే ఎనిమిది మందిలో ఒకరికి, ఇన్సూరెన్స్ లేదని ఇన్సూరెన్స్ రీసెర్చ్ కౌన్సిల్ లెక్క తేల్చింది. రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలో మీ ముందూ వెనకా ఎన్ని బండ్లుంటాయో ఒకసారి ఊహించుకోండి.

అతను చూపించిన కార్డు గురించి ఒక మాట. కార్డు మీద చెల్లుబాటు తేదీలు ఆరు నెలలకు రాసి ఉంటాయి. కానీ డబ్బు నెలనెలా కట్టే పాలసీ అయితే, రెండో నెల వాయిదా కట్టకపోతే పాలసీ రద్దవుతుంది. కార్డు మాత్రం గ్లవ్‌బాక్సులో అలాగే ఉంటుంది, చూసినవాళ్లకు తేదీలన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. అందుకే టెక్సస్‌లో 2008 నుంచి టెక్సస్‌ష్యూర్ అనే వ్యవస్థ నడుస్తోంది. పోలీసు ఆఫీసర్ ప్లేట్ నంబరు కొట్టగానే ఆ బండికి నిజంగా పాలసీ ఉందో లేదో తెలుస్తుంది. మీ దగ్గర జరిగిందీ అదే. కార్డు ఫొటో తీసుకుని సంతృప్తిపడి వెళ్లిపోయి, వారం తర్వాత సంగతి తెలిసి తల పట్టుకున్నవాళ్లు నా దగ్గరికి ఎంతమంది వచ్చారో చెప్పలేను.

ఇక యుఎం సంగతి. అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజ్ అన్నమాట. అవతలివాడి దగ్గర ఉండాల్సిన పాలసీ లేకపోతే ఆ లోటు పూడ్చుకోవడానికి మీరు ముందే డబ్బు కట్టి కొనుక్కున్న కవరేజ్ ఇది. దీన్ని వాడుకుంటే అతన్ని క్షమించి వదిలేసినట్టు కాదు. మీకు చెల్లించాక ఆ సొమ్ము కోసం అతని వెంటపడే హక్కు మీ కంపెనీకి వస్తుంది. కాబట్టి "వాడి తప్పుకు నా పాలసీ ఎందుకు" అన్న మొహమాటం మనసులోంచి తీసేయండి. ఇలాంటి రోజు కోసమే దానికి ఇన్నాళ్లూ డబ్బు కట్టారు.

కానీ ఒక విషయం మాత్రం బాగా గుర్తుపెట్టుకోవాలి. నేను ఈ జవాబు ఇంత పొడుగ్గా రాయడానికి అసలు కారణం అదే. యుఎం క్లెయిమ్‌లో మీ కంపెనీ మీ పక్కన ఉండదు, ఢీకొట్టినవాడి స్థానంలో నిలబడుతుంది. అతనికి పాలసీ ఉంటే అతని కంపెనీ మిమ్మల్ని ఏమేం అడిగేదో, తప్పు ఎవరిది, దెబ్బ నిజంగా ఈ ప్రమాదం వల్లే తగిలిందా, ఇంత ఖర్చు అవసరమా అని, ఆ ప్రశ్నలన్నీ ఇప్పుడు మీ కంపెనీ అడుగుతుంది. అడిగే హక్కు దానికి ఉంది. అవతలి డ్రైవర్ బాధ్యత, నష్టం ఎంత అన్నవి కోర్టు తీర్పుతో తేలేదాకా ఈ కవరేజ్ కింద డబ్బు కట్టాల్సిన బాధ్యత కంపెనీకి మొదలుకాదని టెక్సస్ సుప్రీంకోర్టు 2006లో ఒక తీర్పులో చెప్పింది కూడా. అలాగని ప్రతి క్లెయిమూ కోర్టుకు వెళ్తుందని భయపడకండి. ఆగి ఉన్న కారును వెనక నుంచి గుద్దిన కేసులో తప్పు ఎవరిదన్న వాదనకు పెద్దగా చోటు లేదు. ఇలాంటివి ఎక్కువగా మాటల మీదే తేలిపోతాయి. ఇన్నేళ్లు ప్రీమియం కట్టించుకున్న కంపెనీ కదా, మన మనిషే కదా అని ఫోన్లో మనసు విప్పి మాట్లాడేస్తారు చూడండి, అక్కడే నష్టం జరుగుతుంది.

అమ్మగారి రికార్డెడ్ స్టేట్‌మెంట్ గురించి నాకున్న బెంగ ఇదే. మన పెద్దవాళ్లను ఎవరైనా "ఎలా ఉన్నారండీ" అని అడిగితే ఏమంటారు? "ఆ, బాగానే ఉన్నాను నాయనా, ఏం ఫరవాలేదు" అంటారు. రాత్రంతా నొప్పితో మూలిగినా పొద్దున్న అడిగినవాడికి ఆ మాటే చెబుతారు. అది వాళ్ల మర్యాద. మా ఆఫీసులో ఇలాంటి ఒక ఫైలు నాకు ఇప్పటికీ గుర్తుంది. ప్రయాణికురాలు అరవై దాటిన గుజరాతీ ఆవిడ, భుజం దెబ్బతింది. మొదటి ఫోన్లోనే కొడుకు పక్కన ఉండి ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే రికార్డు చేశారు. నోట్సులో ఒక్క వాక్యం: తను బాగానే ఉన్నానని, నొప్పి ఏమీ లేదని చెప్పింది. ఆ తర్వాత ఆవిడకు ఫిజియోథెరపీ అవసరమైంది. ఆ బిల్లులు వచ్చిన ప్రతిసారీ ఆ వాక్యాన్నే ముందు పెట్టి మాట్లాడారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. మర్యాదగా మాట్లాడింది, అంతే.

అందుకని అడ్జస్టర్‌తో మాట్లాడనని మొండికేయకండి. దర్యాప్తుకు సహకరించాలన్న షరతు పాలసీలోనే ఉంటుంది. కానీ ఎప్పుడు మాట్లాడాలో మీరు చెప్పవచ్చు. డాక్టర్ దగ్గరికి తర్వాతి విజిట్ అయ్యాక, ఫలానా రోజు ఫలానా టైముకు అని ఈమెయిల్ పెట్టండి. తెలుగు వచ్చిన ఇంటర్‌ప్రెటర్ కావాలని అందులోనే రాయండి. కంపెనీలు ఫోన్ మీద ఇంటర్‌ప్రెటర్లను పెట్టుకోవడం మామూలే. కొడుకుగా మీరే అనువాదం చేయకండి, రేపు మాట తేడా వస్తే అది మీ మెడకు చుట్టుకుంటుంది. అమ్మగారికి ముందే కూర్చోబెట్టి చెప్పండి: జరిగింది జరిగినట్టు చెప్పడం, తెలియనిది తెలియదనడం, నొప్పి ఉంటే ఎక్కడ ఉందో, ఏ పని చేసేటప్పుడు వస్తోందో చెప్పడం. జడ వేసుకోలేకపోతున్నానని, గిన్నె పట్టుకోలేకపోతున్నానని చెప్పినా చాలు. "పది మార్కుల్లో నొప్పి ఎంత" అన్న ప్రశ్న కంటే ఆ జవాబే ఎక్కువ చెబుతుంది. రికార్డింగ్ కాపీ కావాలని అడగడం కూడా మరిచిపోకండి.

అమ్మగారి పేరు పాలసీలో లేకపోయినా ఫరవాలేదు. పాలసీలో ఉన్న కారులో కూర్చున్న ప్రయాణికులకు యుఎం మామూలుగా వర్తిస్తుంది. మీకు, మీ ఆవిడకు, నాన్నగారికి కూడా అంతే. గాయాల విషయంలో ఇందులో డిడక్టిబుల్, అంటే ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా, అంటూ ఉండదు. ఆస్పత్రి ఖర్చు, పోయిన జీతం, అనుభవించిన నొప్పి, శాశ్వతంగా మిగిలే లోపం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఒక్కరికి ఎంత, అందరికీ కలిపి ఎంత అన్న హద్దు మీ పాలసీలో రాసి ఉంటుంది. కనీస కవరేజ్ అయితే అదీ 30,000, 60,000 అని ఉంటుంది. నాన్నగారికీ మీ ఆవిడకూ అప్పుడేమీ అనిపించకపోయినా మెడ, నడుము నొప్పులు కొన్ని రోజుల తర్వాత బయటపడతాయి. ఏ మాత్రం అనుమానం ఉన్నా ఒకసారి డాక్టర్‌కు చూపించి కాగితం మీద పెట్టించండి. ఒక చిన్న తేడా మాత్రం తెలుసుకోండి. ఇదే దెబ్బ అమ్మగారికి రోడ్డు మీద నడుస్తుండగా తగిలి ఉంటే వ్యవహారం ఇంత తేలిక కాదు. కారులో లేనప్పుడు మీ పాలసీ మీ ఇంట్లో నివాసం ఉండే కుటుంబ సభ్యులకే వర్తిస్తుంది. ఆరు నెలల కోసం వచ్చిన తల్లిదండ్రులు "నివాసం" ఉన్నట్టా కాదా అన్న దగ్గర పెద్ద పేచీ వస్తుంది. సాయంత్రం పూట వాకింగ్‌కు వెళ్లే అత్తమామలు, అమ్మానాన్నలు ఉన్న ప్రతి ఇంటికీ పనికొచ్చే సంగతి కాబట్టి చెబుతున్నాను. వాళ్లకు మంచి విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోవడం మానకండి. మీరు తీసుకుని ఉంటే ఆ కంపెనీకీ ఈ ప్రమాదం సంగతి వెంటనే తెలపండి.

ఇప్పుడు మీ పాలసీ మొదటి పేజీ తీయండి. డిక్లరేషన్స్ పేజీ అంటారు. అందులో పిఐపి అనే వరస ఉందేమో చూడండి. పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్ అన్నమాట. తప్పు ఎవరిదన్న ప్రశ్నే లేకుండా మీకూ, కారులోని ప్రయాణికులకూ ఆస్పత్రి ఖర్చులు, పోయిన సంపాదనలో 80 శాతం చెల్లించేది ఇదే. టెక్సస్‌లో కంపెనీలు కనీసం 2,500 డాలర్ల పిఐపి ఇవ్వాలి, వద్దనుకుంటే పాలసీదారు రాతపూర్వకంగా వద్దనాలి. అది ఉంటే అమ్మగారి మొదటి బిల్లులు దాని కిందే పంపండి. యుఎం తేలడానికి నెలలు పడితే ఇది త్వరగా వస్తుంది. ఒకే బిల్లుకు రెండు చోట్లా డబ్బు రాదన్నది మాత్రం గుర్తుంచుకోండి.

పిఐపి వరస కనిపించకపోతే నిరుత్సాహపడకండి. "పిఐపి వద్దని నేను సంతకం పెట్టిన కాగితం పంపండి" అని కంపెనీకి ఒక ఈమెయిల్ రాయండి. యుఎంకి కూడా టెక్సస్‌లో ఇదే నియమం. రాతపూర్వకంగా వద్దంటే తప్ప ఆ కవరేజ్ ఉండి తీరాలి. ఆ సంతకం కంపెనీ చూపించలేకపోతే కనీస కవరేజ్ ఉన్నట్టే లెక్క. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఒకసారి వద్దని సంతకం పెడితే, పాలసీ రెన్యువల్ అయిన ప్రతిసారీ వాళ్లు మళ్లీ అడగక్కరలేదు. మీరే రాసి అడగాలి. ఏడేళ్ల క్రితం కొత్తగా వచ్చినప్పుడు ఖర్చు తగ్గించుకుందామని ఫోన్లో వేలితో గీసిన సంతకం ఇవాళ్టికీ మిమ్మల్ని పట్టుకునే ఉంటుంది.

నా సంగతే చెబుతాను. నేను క్లెయిమ్స్‌లో చేరకముందు, హ్యూస్టన్‌లో చదువుకునే రోజుల్లో, పాత కారు ఒకటి కొని ఆన్‌లైన్లో పాలసీ తీసుకున్నాను. స్క్రీన్ మీద రెండు గళ్లు ఉన్నాయి. రెండింట్లోనూ "రిజెక్ట్" నొక్కి నా పేరులోని మొదటి అక్షరాలు టైప్ చేశాను. నెలకు కొన్ని డాలర్లు మిగిలాయని సంబరపడ్డాను. తొమ్మిది నెలలు తిరగకుండానే స్టాప్ సైన్ దగ్గర ఆగకుండా వచ్చిన ఒక వ్యాన్ నా పక్క డోరును గుద్దింది. రెండు పక్కటెముకలు విరిగాయి. వ్యాన్ అతనికి పాలసీ లేదు, నాకు యుఎం లేదు, పిఐపి లేదు. ఆ బిల్లులు మూడేళ్లు కట్టాను. ఆ రెండు గళ్లు నాకు ఇప్పటికీ కళ్ల ముందు కదులుతాయి. మన వాళ్లు ఎవరు కొత్తగా కారు కొన్నా నేను మొదట అడిగేది "ఆ రెండు గళ్లలో ఏం నొక్కారు" అనే. "ఫుల్ కవరేజ్ తీసుకున్నాం అక్కా" అంటారు. ఫుల్ కవరేజ్ పేరుతో పాలసీ ఏదీ లేదు. లయబిలిటీకి తోడు కొలిజన్ (గుద్దుకున్నప్పుడు మన కారు రిపేరుకు), కాంప్రహెన్సివ్ (దొంగతనం, వడగళ్ల వాన లాంటి వాటికి) ఉంటే నోటి మాటగా అలా అంటారు. ఆ మాటలో యుఎం ఉన్నట్టు గ్యారంటీ లేదు.

కారు విషయం తేలికే. టెక్సస్ యుఎంలో ఆస్తి నష్టం భాగం వేరే ఉంటుంది, దాని డిడక్టిబుల్ 250 డాలర్లు. మీకు కొలిజన్ కూడా ఉంటే రిపేరుకు రెండింట్లో ఏది వాడాలన్నది మీ ఇష్టం, ఒకటి చాలకపోతే రెండోదాన్నీ కలుపుకోవచ్చు. కొలిజన్ డిడక్టిబుల్ చాలామందికి 500 లేదా 1,000 ఉంటుంది కాబట్టి యుఎం వైపే లాభం. పైగా రిపేరయ్యేదాకా అద్దె కారు ఖర్చు, డిక్కీలో పాడైన వస్తువులు కూడా యుఎం కింద వస్తాయి. రిపేరయ్యాక కారు విలువ తగ్గిందన్న లెక్క కూడా అడగండి, అడగనిదే ఎవరూ ఇవ్వరు. కొలిజన్‌లో ఉన్న సుఖం వేగం. అవతలివాడికి పాలసీ ఉందా లేదా అన్న విచారణ అక్కడ అక్కర్లేదు. మీ కేసులో పాలసీ రద్దయిందని రోడ్డు మీదే తేలింది కాబట్టి ఆ ఇబ్బంది ఉండకూడదు. ఒకవేళ "అతనికి పాలసీ లేదని ఖాయంగా తెలియదు" అని కంపెనీ నాన్చితే, ఆ వివాదంలో రుజువు భారం కంపెనీదేనని టెక్సస్ ఇన్సూరెన్స్ కోడ్‌లో రాసి ఉంది. ఆ మాట మర్యాదగా గుర్తుచేయండి. మీ కారు 25,000 డాలర్ల కంటే ఖరీదైనదై, మీది కనీస కవరేజ్ అయి ఉండి, కారు టోటల్ అయిందంటే, అంటే బాగుచేయించడం దండగని తేలితే, అప్పుడు కొలిజన్ వైపు చూడాల్సిందే.

కేసు వేయాలా అన్నారు. మీ కోపం అర్థమవుతుంది. కానీ అతని మీద గెలవడం వేరు, గెలిచిన డబ్బు చేతికి రావడం వేరు. టెక్సస్‌లో మామూలు అప్పులకు, కోర్టు తీర్పు ఉన్నా సరే, మనిషి జీతంలోంచి కోయించడానికి రాష్ట్ర రాజ్యాంగమే ఒప్పుకోదు. ఉంటున్న ఇంటికీ పెద్ద రక్షణ ఉంది. నెలకు ఇన్సూరెన్స్ వాయిదా కట్టలేని మనిషి దగ్గర జప్తు చేసుకోవడానికి బ్యాంకులో ఏముంటుంది? 20,000 డాలర్ల లోపు దావాలు జస్టిస్ కోర్టులో లాయరు లేకుండానే వేసుకోవచ్చు, గాయాలకు గానీ ఆస్తి నష్టానికి గానీ దావాకు గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు. తీర్పు వచ్చాక అతను చెల్లించకపోతే డ్రైవింగ్ లైసెన్సు సస్పెండ్ అయ్యే వీలుంది. అతని పేరు మీద ఆస్తి ఉందని మీకు తెలిస్తే తప్ప ఆ దారి తొక్కవద్దనే నా సలహా. ఆ శక్తిని మీ యుఎం మీద పెట్టండి. కంపెనీ ఇచ్చే మొత్తం అమ్మగారి నష్టానికి ఏ మాత్రం సరిపోకపోతే, లేదా ఆమెకు ఆపరేషన్ అవసరమైతే, అప్పుడు గాయాల కేసులు చూసే లాయరును కలవండి. వాళ్లు ముందు డబ్బు తీసుకోరు, వచ్చిన దాంట్లో మూడో వంతు అటూ ఇటూగా తీసుకుంటారు. చిన్న క్లెయిమ్‌కు లాయరును పెట్టుకుంటే మీకు మిగిలేది తగ్గుతుంది. కంపెనీ నెలల తరబడి పలకకపోతే టెక్సస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్‌కు ఫిర్యాదు చేయండి, అందుకు ఖర్చేమీ లేదు. క్లెయిమ్ అందినట్టు 15 రోజుల్లో జవాబివ్వడం కంపెనీ బాధ్యత. తేదీలు రాసిపెట్టుకోండి.

మీకు కాకపోయినా ఇది చదివే మరొకరికి అవసరమయ్యే రెండు మాటలు. గుద్ది పారిపోయిన బండి ఎవరిదో తెలియకపోతే అదీ ఇన్సూరెన్స్ లేని బండి కిందే లెక్క, కానీ టెక్సస్‌లో ఒక షరతు ఉంది: ఆ బండి మీ కారుకు నిజంగా తగిలి ఉండాలి. పక్క లేన్‌లోంచి ఒకడు ఉన్నట్టుండి అడ్డం వచ్చి, మీరు తప్పించబోయి డివైడర్‌ను గుద్దుకుని, వాడు అలాగే వెళ్లిపోతే యుఎం వర్తించదు. ఇక రెండోది. పాలసీ ఉంది గానీ చాలదు అన్న పరిస్థితి. మీ నష్టం 90,000 డాలర్లు, అతని పాలసీ 30,000 అనుకుందాం. టెక్సస్‌లో యుఎంతో కలిసి వచ్చే అండర్‌ఇన్సూర్డ్ భాగం మీకు లక్ష వరకు ఉంటే మిగతా 60,000 అందులోంచి వస్తుంది. మీకూ కనీస కవరేజే ఉంటే ఇంకో 30,000తో సరి. అలాంటప్పుడు అతని కంపెనీ ఇచ్చే చెక్కు తీసుకుని సంతకం పెట్టే ముందు మీ కంపెనీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఇది మరిచిపోయి వచ్చే డబ్బు పోగొట్టుకున్నవాళ్లున్నారు. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ఈ అంకెలను అలాగే పట్టుకోకండి. కాలిఫోర్నియాలో కారు నష్టానికి యుఎం కింద 3,500 డాలర్లకు మించి రాదు. న్యూ హాంప్‌షైర్‌లో అసలు కారు ఇన్సూరెన్స్ కొనడమే తప్పనిసరి కాదు. ఎక్కడున్నా ఒక్కటి మాత్రం చేయండి. ఎవరికో నష్టం చేస్తే ఇవ్వడానికి లయబిలిటీ ఎంత పెట్టుకున్నారో, మీ ఇంటివాళ్ల కోసం యుఎం కూడా అంత పెట్టుకోండి. పరాయివాళ్ల ఎముకకు లక్ష, మన అమ్మ ఎముకకు ముప్పై వేలు అని రాసుకున్న పాలసీలు చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక 20వ తేదీ లోపు చేయాల్సినవి. పోలీసు రిపోర్టు, సిఆర్-3 అంటారు, టెక్సస్ రవాణా శాఖ వెబ్‌సైట్‌లో ఆరు డాలర్లకు దొరుకుతుంది. ఆఫీసర్ పది రోజుల్లో దాఖలు చేయాలి కాబట్టి ఈపాటికి వచ్చి ఉంటుంది. అందులో అతని ఇన్సూరెన్స్ గురించి ఏం రాశారో, కారులో నలుగురి పేర్లూ స్పెల్లింగుతో సహా సరిగ్గా ఉన్నాయో చూడండి. అమ్మగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, ఆస్పత్రి కాగితంలో ఇంకోలా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. మన పేర్లతో ఇది ఎప్పుడూ ఉండే తలనొప్పే. మీరు అమ్మగారి తరఫున కంపెనీతో మాట్లాడవచ్చని ఆమె చేత ఒక పవర్ ఆఫ్ అటార్నీ రాయించి, నోటరీ ముందు సంతకం పెట్టించండి. ఇండియా వెళ్లాక ఇదే పనికి నానా తిప్పలు పడాలి.

అన్నిటికన్నా ముఖ్యం: "వెళ్లిపోతున్నారు కదా, ఈలోగా సెటిల్ చేసేస్తాం" అని అడ్జస్టర్ ఫుల్ రిలీజ్ కాగితం, అంటే ఇక ఏ బాకీ లేదని ఒప్పుకునే కాగితం, పంపితే సంతకం పెట్టనివ్వకండి. కట్టు విప్పాక ఆ మణికట్టు ఎంత తిరుగుతుందో ఇవాళ ఏ డాక్టరూ చెప్పలేడు. రిలీజ్ మీద సంతకం పడితే ఆ తర్వాతి ఖర్చంతా మీదే. కారు డబ్బు విడిగా తీసుకోవచ్చు, దానికి వేరే కాగితం ఉంటుంది, అది కేవలం ఆస్తి నష్టానికేనని చదివి చూసుకోండి. ఇండియాలో జరిగే చికిత్సకు ప్రతి బిల్లూ, డాక్టరు పేరు, తేదీ, ముద్రతో ఒరిజినల్‌గా తీసుకుని, ఆ రోజే ఫొటో తీసి మీకు వాట్సాప్‌లో పెట్టమని నాన్నగారికి చెప్పండి.

వెళ్లే ముందు ఇక్కడి డాక్టర్ దగ్గర ఒక చివరి విజిట్ పెట్టించి, ఇంకా ఏ చికిత్స అవసరమో రాతపూర్వకంగా తీసుకోండి. ఎక్స్‌రేల సీడీ, ఆ కాగితం చెక్-ఇన్ సూట్‌కేసులో వేయకండి. అమ్మగారి హ్యాండ్‌బ్యాగులో పెట్టండి.